తెర వెలిగేలోపు

"స్క్రీనే రాకపోతే, రాలేదన్న సంగతి కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది సార్?" హార్డ్‌వేర్ క్లాసులో ఒక పాలిటెక్నిక్ కుర్రాడు అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని లోపలికి వెళ్తే, పర్సనల్ కంప్యూటర్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి చేరతాం.

పవర్ బటన్ నొక్కిన క్షణంలో ప్రాసెసర్‌కి దాదాపు ఏమీ తెలియదు. హార్డ్ డిస్క్ ఉందని తెలియదు. ర్యామ్‌లో ఉన్నది చెత్త. ఒకప్పుడు ఈ మొదటి అడుగు మనిషే వేయించేవాడు. మన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తెచ్చిన రోజుల్లో, అమెరికాలో పీడీపీ-8 లాంటి 12 బిట్ల యంత్రాల ముందు కూర్చున్నవాళ్లు స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ ఒక్కో సంఖ్యనే మెమరీలోకి ఎక్కించేవారు. ఆ చిట్టి ప్రోగ్రామ్ పేపర్ టేపు మీది అసలు ప్రోగ్రామ్‌ను చదువుకునేది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఆ వేళ్ల పనిని, మొదటి ఆదేశాలు చెరగకుండా రాసిపెట్టిన బయాస్ చిప్ చేసింది. అందులోని 8088 ప్రాసెసర్‌కి పుట్టుకతో వచ్చిన విద్య ఒక్కటే. ఒక మెగాబైటు చిరునామాల్లో చివరి నుంచి 16 బైట్లు వెనక్కి వెళ్లి, అక్కడేం రాసుందో చదవడం. అక్కడ ఉండేది 'ఫలానా చోటికి దూకు' అన్న ఆదేశం. దూకితే స్వీయపరీక్ష మొదలు.

ఇక్కడ పరీక్ష పెట్టేవాడూ రాసేవాడూ ఒక్కడే. అందుకే దేన్నీ నమ్మకుండా మొదలుపెట్టాలి. ముందు ప్రాసెసర్ తన ఫ్లాగులు, అంటే లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే బిట్లు, సరిగా పడుతున్నాయో లేదో చూసుకుంటుంది. తేడా వస్తే చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. తర్వాత అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యను తనలోని చిన్న అరల్లాంటి రిజిస్టర్లలో ఒకదాని నుంచి ఇంకోదానికి పంపుతూ పోతుంది. చివరికి అదే సంఖ్య బయటపడాలి. ఆపైన బయాస్ చిప్‌లోని బైట్లన్నీ కూడుతుంది. మొత్తంలో చివరి 8 బిట్లు సున్నా అయ్యేలా ముందే సర్ది పెట్టారు కాబట్టి, కాకపోతే చిప్ చెడినట్టే.

ఈ కూడికలోనే ఒక చిక్కుంది. కూడిక చేసేది ఒక ఉపప్రోగ్రామ్. దాన్ని పిలిచేటప్పుడు, పని అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో ర్యామ్‌లో రాసుకోవాలి. ర్యామ్‌ను ఇంకా పరీక్షించనేలేదు కదా, ఎలా నమ్మడం? ఐబీఎం వాళ్లు ఆ తిరుగు చిరునామాను బయాస్ చిప్‌లోనే ముందుగా అచ్చువేసి పెట్టారు. తిరుగు చిరునామా ఎక్కడుందో చూపే స్టాక్ పాయింటర్‌ను దానివైపు తిప్పి, పిలవకుండా నేరుగా దూకారు. ఆ చిప్‌లో రాయడం కుదరదు. కానీ తిరిగి రావడానికి చదవడం చాలు! ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ర్యామ్. అది మతిమరుపు సరుకు, క్షణక్షణం గుర్తు చేస్తుండాలి. అందుకని సుమారు 15 మైక్రోసెకన్లకోసారి ఆ పని చేయించే టైమర్, డీఎంఏ చిప్‌ల వంతు ముందు. అవి సరిగా ఉంటేనే మెమరీలో మొదటి 16 కిలోబైట్లలో 55, ఏఏ వంటి హెక్సాడెసిమల్ సంఖ్యలు రాసి చదువుతుంది. బిట్లుగా చూస్తే ఇవి 01010101, 10101010. పక్కపక్క తీగలు రెండు అతుక్కుపోయి ఉంటే ఇట్టే దొరికిపోతాయి.

ఆ తర్వాతే డిస్‌ప్లే కార్డు. దాని మెమరీలో రాసి, తిరిగి చదువుతుంది. రాసింది రాకపోతే ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇదే. తెర వెలిగిందో లేదో ఆ యంత్రానికి తెలియదు, కార్డు పలికిందా లేదా అన్నదే తెలుసు. కాబట్టి ఆ బీప్ వినబడటం శుభవార్త. ప్రాసెసర్, బయాస్ చిప్, మొదటి ర్యామ్ అన్నీ అంతదాకా గట్టెక్కాయన్నమాట. భయపడాల్సింది ఫ్యాన్ తిరుగుతూ చప్పుడు రాని బోర్డును చూసి.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే అందరూ సీటీసీ అంటారే అక్కడ, 'నో డిస్‌ప్లే' అని బోర్డు ఇస్తే మెకానిక్ చేసేది ఈ వరసను వెనక్కి నడవడమే. ముందు ర్యామ్ ఊడదీసి, బంగారు పూత కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, రెండు కొసలూ టక్కుమనేదాకా నొక్కుతాడు. అయినా రాకపోతే స్లాట్‌లో డీబగ్ కార్డు గుచ్చుతాడు. ఐబీఎం తర్వాతి మోడల్ పీసీ ఏటీ కాలం నుంచి బయాస్ ప్రతి పరీక్షకూ ముందు ఒక సంఖ్యను 80 నంబరు పోర్టుకు పంపుతూనే ఉంది. మామూలుగా అక్కడ వినేవాళ్లెవరూ ఉండరు. కార్డు దాన్ని పట్టుకుని రెండు ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. బోర్డు ఆగిపోతే చివరి సంఖ్య అలాగే నిలబడుతుంది. అవార్డ్ అనే కంపెనీ బయాస్ ఉన్న బోర్డు సీ1 దగ్గర ఆగితే ర్యామ్ సంగతి చూడాలి.

అయితే అన్ని బోర్డుల్లో ఉండేది ఐబీఎం బయాస్ కాదు. ఐబీఎం తన బయాస్ మొత్తాన్ని మాన్యువల్‌లోనే అచ్చేసింది, కానీ కాపీరైట్ దానిదే. కాంపాక్ కంపెనీలో ఒక జట్టు అది చదివి ఏమేం చేయాలో రాసిస్తే, ఐబీఎం కోడ్‌ను కంటితో కూడా చూడని ఇంకో జట్టు కొత్తగా రాసింది. వెనకే ఫీనిక్స్, అవార్డ్, ఏఎంఐ వచ్చాయి. ఎవరి బీప్‌ల భాష వాళ్లదే అయింది. అందుకే బీప్‌లు లెక్కపెట్టడంతో సరిపోదు, బయాస్ ఎవరిదో కూడా చూడాలి. ఇప్పుడు పాత బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. కొన్ని బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా నిలిచిందో అక్కడే తంటా. లైట్లు లేని బోర్డయితే 'స్పీకర్' అని రాసున్న పిన్నులు వెతకండి. చాలా బోర్డులతో బజర్ రాదు, విడిగా కొని ఆ పిన్నులకు తగిలించుకోవాలి.