జంట ఆటలోని విద్య

టెన్నిసులో జంట ఆటను మనము కొంత చిన్నచూపు చూచుచుందుము. ఒంటరి ఆటకు అంగణము వెడల్పు 27 అడుగులు. జంట ఆటకు 36. ఈ తొమ్మిదడుగులు వేరొక విద్యనే కోరును. ఇందు పరుగుకంటె బలమైన సర్వీసు, వలకడ చురుకుదనము, తోడివాని మనసెరుగుట ముఖ్యములు.

కొడగుకు చెందిన రోహన్ బోపన్నకు ఈ విద్యయే జీవనమయ్యెను. 2010లో ఖురేషీతో కూడి అమెరికన్ ఓపెన్ తుదిపోటీలో ఓడెను. మోకాళ్లలో మృదులాస్థి అరిగి ఆట మానదలచినవాడే. అయ్యంగార్ పద్ధతి యోగాభ్యాసము ఆయనకు ఊత యిచ్చెను. 2023లో ఎబ్డెన్‌తో మరల అదే తుదిపోటీ, మరల ఓటమి. 2024 జనవరిలో ఆ ఎబ్డెన్‌తోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల జంటల పోటీని గెలిచి, 43 యేండ్ల వయసున తొలిసారి ప్రపంచ ప్రథమస్థానము నందెను. అంత వయసున ఆ స్థానము నందినవారు అంతకుముందు లేరు.

కాళ్లు తగ్గించినదానిని కన్ను, అనుభవము, తోడు పూరింపగలవని మనము గ్రహింపవలెను.