సాఫల్య శాతం: దేనితో భాగించారు?

మా మిత్ర దంపతులొకరు ఒక కేంద్రపు కరపత్రంలోని పెద్ద అంకెను నమ్మి చికిత్సకు వెళ్ళారు. రెండవమారు కూడా ఫలించకపోయేసరికి లోపమంతా తమదేనని కుమిలిపోయారు. రసాయనశాలలో ఎవరైనా ‘దిగుబడి ఇంత’ అంటే, దేనితో భాగించారని మేము వెంటనే అడుగుతాము. ఇక్కడా అడగవలసినది అదే.

నూరు మంది స్త్రీలు చికిత్స ప్రారంభించారనుకొందాం. మందులకు అండాశయాలు స్పందించక కొందరు ఆగిపోగా, 80 మంది నుండి అండాలు సేకరించారు. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టగలిగినది 60 మందికే. వారిలో 30 మందికి రక్తపరీక్షలో గర్భసూచక హార్మోను కనిపించింది. 24 మందికి అల్ట్రాసౌండ్‌లో శిశువు గుండె కొట్టుకోవడం కనిపించింది. బిడ్డనెత్తుకొని ఇంటికి వెళ్ళినవారు 20 మంది. 30ని 60తో భాగిస్తే 50 శాతం, 20ని 100తో భాగిస్తే 20 శాతం! రెండు లెక్కలూ సరైనవే. దంపతులకు కావలసినది రెండవది.

అమెరికాలో 1992 నాటి చట్టం ననుసరించి సి.డి.సి. సంస్థ కేంద్రాలవారీ ఫలితాలను ప్రకటిస్తున్నది. 1995 నాటి లెక్కలతో తొలి నివేదిక 1997లో వెలువడినది. అందులో స్త్రీ వయస్సు ననుసరించిన విభజనను తప్పక చూడాలి. కష్టసాధ్యమైనవారిని చేర్చుకోని కేంద్రపు శాతం సహజంగానే ఎక్కువగా ఉంటుంది. ఒకేసారి రెండు మూడు పిండాలు ఉంచినా అది పెరుగుతుంది. కాని కవలలు నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం కరపత్రంలోని ఆ ఒక్క అంకెలో కానరాదు.