గృహస్థుడు - జాజ్ సంగీతశ్రవణం

సంగీతం వినడానికి ఏకాంతం కావాలని పెద్దలు అంటారు. కచేరీకి పోయిన వానికి ఆ ఏకాంతం టిక్కెట్టుతో పాటే లభిస్తుంది. ఇంటిపట్టున ఉండి వినదలచిన గృహస్థునికి అది ఎక్కడిది? వంటింట్లో మిక్సీ, వసారాలో చుట్టాలు, వీధిలో లారీలు, పక్కగదిలో పిల్లల చదువు - వీటన్నిటి నడుమ అతడు వినవలసి ఉన్నది. అతడు అభిమానించేది ఇంట్లో మరెవ్వరికీ పరిచయం లేని జాజ్ సంగీతమైతే ఇబ్బంది ఇనుమడిస్తుంది. నలభై ఏళ్ళకు పైగా ఆ ఇబ్బందిని ఎరిగినవాణ్ణి గనుక, ఆ సంగీతపు తీరును గురించీ, సంసారంలో ఉంటూనే దానిని వినే పద్ధతిని గురించీ నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మాది చీమకుర్తి. ఒంగోలు నుండి కర్నూలు పోయే రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నల్లని రాతిలో బంగారు రజను చల్లినట్లు మెరిసే గ్రానైటు ఇక్కడి నేలలో దొరుకుతుంది. బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో అది దేశదేశాలకు ఎగుమతి అవుతున్నది. నేను ఒక క్వారీ ఆఫీసులో లెక్కలు వ్రాసి విరమించుకున్నవాణ్ణి. ఇటువంటి ఊరికి జాజ్ కచేరీల ద్వారా రాలేదు; రేడియో ద్వారా వచ్చింది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైంది. మా ఇంట్లో రేడియో అంటే ఆ కేంద్రమే. ఉదయం భక్తిరంజని, ఆపైన వార్తలు, సాయంకాలం రైతుల కార్యక్రమం. రాత్రి పెద్దలందరూ నిద్రపోయిన పిమ్మట, విద్యార్థిదశలో ఉన్న నేను ముల్లును షార్టువేవు వైపు త్రిప్పేవాణ్ణి. ఆ తరంగాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న విద్యుదావేశం గల పొరను తాకి తిరిగి నేలకు వంగుతాయి. అందువల్లనే వేల మైళ్ళ దూరం ప్రయాణం చేయగలుగుతాయి. ఆ పొర నిలకడగా ఉండదు గనుక ధ్వని అలవలె లేచి పడుతూ ఉంటుంది.

ఆ అలల మీదనే నేను విల్లిస్ కానోవర్ కంఠం విన్నాను. ఆయన 1955 జనవరి నుండి వాయిస్ ఆఫ్ అమెరికాలో జాజ్ కార్యక్రమం నిర్వహించారు, 1996లో మరణించారు. ఇంగ్లీషు అంతగా రానివారికి కూడా బోధపడేటట్లు ఒక్కొక్క మాటను విడదీసి, నెమ్మదిగా పలికేవారు. ఆ ప్రసారాలు పరదేశాల శ్రోతలకే ఉద్దేశింపబడినవి కనుక, ప్రపంచమంతా ఎరిగిన ఆయనను స్వదేశంలో ఎరిగినవారు తక్కువ. ఒక వాద్యం మంచి పట్టులో ఉండగా ధ్వని క్రుంగిపోయేది. మళ్ళీ పైకి వచ్చేసరికి వేరొక వాద్యం మ్రోగుతూ ఉండేది. నడుమ పోయిన భాగాన్ని మనస్సులో పూరించుకోవలసి వచ్చేది. ముక్కలుగా వినడం నాకు అప్పుడే అలవాటయింది. సంసారంలో పడిన తరువాత ఆ అలవాటే నన్ను ఆదుకున్నది.

ఇక జాజ్ అంటే ఏమిటి? అమెరికా దక్షిణ రాష్ట్రాలకు బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికా ప్రజలు పత్తిచేలలో చాకిరీ చేశారు. 1865లో బానిసత్వం రద్దయినా వారి వారసులకు ఆ చేలు తప్పలేదు. పనిలో ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు అందుకొని పాడేవారు. ఆ పాటల నుండి, ప్రార్థనాగీతాల నుండి బ్లూస్ అనే గానరీతి ఏర్పడింది. న్యూ ఆర్లియన్స్ నగరంలో దానికి బ్యాండు వాద్యాలు, నృత్యసంగీతం తోడై ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి జాజ్ రూపొందింది. తొలి జాజ్ గ్రామఫోను రికార్డు 1917లో వెలువడింది. పత్తి, మిరప పండే మన సీమలో నాట్లకూ కలుపుతీతలకూ ఒకరు ఎత్తి పదిమంది అందుకునే పాటలు ఉన్నవి. వారు పడిన బానిసత్వపు బాధ వేరు, మన కూలిజనుల కష్టం వేరు. రెండూ ఒకటని అనరాదు. కాని పిలుపూ బదులూ అనే ఆ పాట కట్టుబాటు మన చెవికి కొత్తది కాదు.

బ్లూస్ నిర్మాణాన్ని మన తాళంతో కొలిచి చూద్దాం. సాధారణమైన బ్లూస్ చుట్టు ఒకటి 48 దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను ఒక అక్షరంగా లెక్కించి ఆదితాళం వేస్తే సరిగా ఆరు ఆవర్తాలు వస్తాయి. మొదటి రెండు ఆవర్తాలలో షడ్జం మీద కట్టిన స్వరసమ్మేళనం ఆధారంగా ఉంటుంది. మూడవ ఆవర్తంలో ఆధారం మధ్యమానికి మారుతుంది. నాలుగవ దానిలో తిరిగి షడ్జానికి వస్తుంది. అయిదవది పంచమం, ఆరవది మరల షడ్జం. ఇల్లు వదలి పొరుగూరికి పోయి రావడం, ఇంకా దూరం పోయి మళ్ళీ ఇంటికి చేరడం వంటిది ఇది. ఈ చుట్టు మారకుండా తిరుగుతూ ఉండగా వాద్యకారులు ఒక్కొక్కరుగా దానిపై అప్పటికప్పుడు కల్పన చేస్తారు. మన విద్వాంసుడు పల్లవిని ఆధారం చేసుకొని స్వరకల్పన చేసినట్లే. భేదం ఎక్కడంటే, మనవారు రాగపు హద్దులో విహరిస్తారు. వారు మారుతూ ఉండే స్వరసమ్మేళనాల వెంట నడుస్తారు. బ్లూస్‌లో గాంధారం కూడా ఒక స్థానంలో కట్టుబడి ఉండదు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగుతుంది. గమకానికి అలవడిన మన చెవికి అది అపస్వరంగా తోచదు.

దీనికి లక్ష్యంగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో ఇచ్చిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ అనే రికార్డును వినవచ్చును. మొదట తాళవాద్యం ఏదీ లేకుండా ఆయన ట్రంపెట్ ఒంటరిగా ఎగసి దిగుతుంది. ఆ పిమ్మట అయిదు చుట్లు. మొదటిది ట్రంపెట్, రెండవది ట్రాంబోన్. మూడవ దానిలో క్లారినెట్ పలుకుతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు లేని గొంతుతో బదులు పలుకుతారు. నాలుగవది ఎర్ల్ హైన్స్ పియానో. అయిదవ దానిలో ట్రంపెట్ ఒకే తారాస్వరాన్ని ఇంచుమించు రెండు ఆదితాళ ఆవర్తాలపాటు నిలిపి ఉంచుతుంది. ఇంత విశేషమూ సుమారు 3 నిమిషాలలో ముగుస్తుంది. ఎందుకంటే ఆనాటి 10 అంగుళాల రికార్డు పక్కన పట్టేది అంతే.

ఆ మూడు నిమిషాల కొలత గృహస్థునికి వరం. పప్పు ఉడికే లోపల ఒక మహాకృతిని ఆసాంతం వినవచ్చును. మొదట ఈ సంగతి నాకు తట్టలేదు. గంటల తరబడి, ఎవరి అలికిడీ లేకుండా వింటేనే విన్నట్లని భావించేవాణ్ణి. పిల్లల పెండ్లిండ్లు అయిన తరువాత మంచి ఇయర్‌ఫోనులు కొనుక్కున్నాను. రాత్రి భోజనం కాగానే వాటిని చెవులకు తగిలించుకొని కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇల్లు ఒక వైపు, నేనొక వైపు.

ఆ రోజులలో మా అమ్మ మంచం పట్టి ఉన్నది. ఒక రాత్రి ఆమె దాహమని నన్ను పిలిచింది. ఆమె మంచానికీ నా కుర్చీకీ నడుమ దూరం నాలుగు బారలు. ఒకసారి కాదు, అనేకసార్లు పిలిచింది. నాకు వినబడలేదు. పెరట్లో గిన్నెలు సర్దుతున్న మా ఇల్లాలు విని పరుగున వచ్చేసరికి, అమ్మ తానే నీళ్ళ చెంబు అందుకోబోయి మంచం అంచున వాలిపోయి ఉన్నది. దెబ్బ తగలలేదు. మా ఇల్లాలు ఆమెను పడుకోబెట్టి నీళ్ళు పట్టి, నా వద్దకు వచ్చి, “ఏమండీ, సముద్రాల అవతల ఊదేది వినబడుతుంది, అమ్మ పిలుపు వినబడదా?” అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాకు సమాధానం దొరకలేదు.

తరువాత చాలా దినాలు నేను ఏమీ వినలేదు. జాజ్ వాద్యకారులు ఎట్లా వాయిస్తారో అనే ఆలోచన మాత్రం వదలలేదు. ట్రంపెట్ పలికేటప్పుడు పియానో దానిని వింటూ ఉంటుంది. డ్రమ్ముల వాడు పక్కవాని ఊపిరిని బట్టి తన దెబ్బను మార్చుకుంటాడు. పక్కవానిని విననివాడు ఆ మేళంలో ఒక చుట్టు కూడా నిలువలేడు. అటువంటి సంగీతాన్ని పక్కవారి పిలుపు వినబడకుండా చెవులు మూసుకొని వినడం నాకు అసంగతమని తోచింది.

కొంతకాలానికి ఇయర్‌ఫోనులు పెట్టెలో పడవేసి, చిన్న స్పీకరు ఒకటి అమ్మ గదిలోనే పెట్టి తక్కువ ధ్వనితో వినసాగాను. ఒక రాత్రి జాన్ కోల్‌ట్రేన్ 1960లో సొప్రానో శాక్సఫోన్ మీద వాయించిన ‘మై ఫేవరిట్ థింగ్స్’ పెట్టాను. నిద్రపోయిందనుకున్న అమ్మ కళ్ళు తెరచి, “ఏందిరా అబ్బాయా, ఇంత రాత్రప్పుడు సన్నాయి ఊదుతున్నారు? ఎవరిదన్నా పెళ్ళా?” అని అడిగింది. కాదమ్మా, అమెరికా ఆయన అన్నాను. “ఎవరైతేనేం, దమ్ము గలవాడు” అని మళ్ళీ కళ్ళు మూసుకున్నది. వ్రేళ్ళు మాత్రం దుప్పటి మీద మూడేసి దెబ్బలు లెక్కపెడుతున్నవి. ఆ రచన మూడు దెబ్బల నడకది. నేను పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతి అది.

అమ్మ పోలిక అకారణం కాదు. మా సీమ నాదస్వరానికి పుట్టిల్లు. ఒంగోలుకు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఒక రాగాన్ని పట్టుకొని రాత్రంతా విస్తరించే సన్నాయిని పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో విని పెరిగిన చెవులు ఇక్కడివి. జాజ్ కూడా మనవారిని పరాయివారుగా చూడలేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ళ వయస్సులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి శ్రోతలను ముగ్ధులను చేశారు. తదుపరి జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు, 2014లో మరణించారు. డేవ్ బ్రూబెక్ 1958లోనూ, డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లోనూ మన దేశంలో పర్యటించారు. కోల్‌ట్రేన్ పండిత రవిశంకర్ మీది గౌరవంతో తన కుమారునికి రవి అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు నేను వినే పద్ధతి ఇది. వారానికి ఒకే రచన. దానినే ప్రతిదినమూ ఒకసారి వింటాను. మొదటి దినం ఆసాంతం ఊరకే వింటాను. రెండవ దినం తాళం వేసి చుట్లు లెక్కిస్తాను. మూడవ దినం ప్రధాన వాద్యాన్ని వదలి, అడుగున నడిచే పెద్ద తీగవాద్యాన్ని, అంటే బేసును మాత్రమే అనుసరిస్తాను. నాలుగవ దినం డ్రమ్ములు. తక్కిన దినాలలో ఎవరు ఎవరికి బదులు చెబుతున్నారో గమనిస్తాను. నడుమ ఎవరైనా పిలిస్తే లేచి పోతాను; తిరిగి వచ్చి, సంగీతం ఏ చుట్టులో ఉన్నదో గుర్తుపట్టడమే ఒక అభ్యాసం. మైల్స్ డేవిస్ 1959లో ఇచ్చిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వంటి ముప్పావుగంట రికార్డును మాత్రం ఇంట్లో అందరూ పెళ్ళికి పోయిన దినానికి దాచుకుంటాను.

అమ్మ ఆ తరువాత రెండు సంవత్సరాలు జీవించింది. రాత్రిపూట, “ఇవాళ సన్నాయి లేదా?” అని ఆమే అడిగేది. ఇప్పుడు ఆ గదిలో మా మనుమరాలు చదువుకుంటున్నది. మొన్న బ్రూబెక్ బృందం 1959లో వాయించిన ‘టేక్ ఫైవ్’ వినబడుతుండగా, లెక్కల పుస్తకం మీద నుండి తల ఎత్తకుండానే, “తాతయ్యా, ఇది అయిదు లెక్కలోది కదూ?” అన్నది. అవును, మన ఖండచాపు రెండు, మూడుగా విరిగితే, అది మూడు, రెండుగా విరుగుతుంది. ఆ సంగతి చెప్పబోతుండగా వంటింట్లో నుండి మా ఇల్లాలు పిలిచింది. పాట ఆపకుండానే లేచి పోయాను.