సూర్యుడి ఫోటోలో సూర్యుడెంత?

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దాన్ని చూడటానికే ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యబింబం అంచున ఎగసిన ఎర్రటి వాయు జ్వాలల మీదికి స్పెక్ట్రోస్కోప్ తిప్పాడు. ఆ జ్వాలల వెలుగు అన్ని రంగుల్లో పరుచుకోకుండా కొన్ని గీతల్లోనే పోగుపడి ఉంది. ఇంత మెరిసే గీతలు గ్రహణం లేనప్పుడూ కనిపించాలి కదా అని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున్నే, మామూలు ఎండలో, గుంటూరులోనే ఆ జ్వాలలను మళ్ళీ పట్టుకున్నాడు.

ఇవాళ ఔత్సాహికులు డాబా మీద నిలబెట్టుకునే హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోప్ ఆ ఆలోచనకు వారసురాలే. అది సూర్యకాంతిలో దాదాపు అంతటినీ ఆపేసి, 656.28 నానోమీటర్ల దగ్గర ఉన్న ఒక్క ఎర్రటి పట్టీని మాత్రమే లోపలికి రానిస్తుంది. ఆ పట్టీ వెడల్పు నానోమీటరులో పదోవంతు కూడా ఉండదు. అందుకే మనం మామూలుగా చూసే కాంతి ఉపరితలం తప్పుకుని, దాని పైనున్న వర్ణమండలం, అంచున లేచే జ్వాలలు, బింబం మీద నల్లటి తీగల్లా పరుచుకున్న వాయు రాశులు బయటపడతాయి. ఇది ఖరీదైన పరికరం. మొదలుపెట్టేవారు దీని జోలికి వెళ్ళనక్కర్లేదు. మామూలు టెలిస్కోప్‌కు ముందు తెల్లకాంతి ఫిల్టర్ ఒకటి బిగిస్తే సూర్య మచ్చలు చక్కగా వస్తాయి.

ఆ ఫిల్టర్ విషయంలో రాజీ పడకూడదు. అది టెలిస్కోప్ ముందు భాగాన, కాంతి లోపలికి రాకముందే ఉండాలి. ఐపీస్ దగ్గర పెట్టే చిన్న గాజు ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి. కంటితో చూడటానికి వాడే ఫిల్మ్ సూర్యకాంతిలో లక్షోవంతు మాత్రమే వదులుతుంది. ఫోటోల కోసమే తయారయ్యే పలుచటి ఫిల్మ్ ఇంకొకటి దొరుకుతుంది. దాని వెనక కన్ను పెట్టకూడదు. ప్రతిసారీ బిగించే ముందు ఫిల్మ్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, సూదిమొన అంత చిల్లు కనిపించినా పక్కన పడేయాలి. గాలికి ఎగిరిపోకుండా టేప్ అంటించాలి. పక్కనున్న ఫైండర్‌కు మూత పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు ఎన్నటికీ వద్దు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి అది కాలిపోతున్న సంగతి ఆ క్షణంలో మనకు తెలియదు.

ఆకాశంలో సూర్యుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. కెమెరా సెన్సర్ మీద పడే బింబం వెడల్పు టెలిస్కోప్ నాభ్యంతరంలో (ఫోకల్ లెంత్‌లో) దాదాపు 109వ వంతు ఉంటుంది. అంటే 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోప్‌తో తొమ్మిది మిల్లీమీటర్ల బింబం వస్తుంది. ఇంతవరకు లెక్క సులువే. అసలు అడ్డంకి మన నెత్తి మీదున్న గాలి.

సూర్యుడి ఉపరితలం నిండా రేణువుల్లా కనిపించేవి నిజానికి ఉడికి పైకి వస్తున్న ప్లాస్మా బుడగలు. ఒక్కొక్కటి దాదాపు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఒకటిన్నర ఆర్క్‌సెకన్లకు మించదు. ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు. 100 మిల్లీమీటర్ల వెడల్పున్న కటకానికి ఈ వివరం అందుతుంది. కానీ పగటి గాలి దాన్ని రెండు మూడు ఆర్క్‌సెకన్ల మేర చెరిపేస్తుంది. వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద అలలు అలలుగా కదిలే గాలి గుండానే టెలిస్కోప్ కూడా చూస్తోంది మరి. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ సరస్సు మధ్యలో కట్టింది ఇందుకే, నీరు నేలంత త్వరగా వేడెక్కదు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1కు ఈ బెడదే లేదు. మనకు మిగిలిన ఉపాయం వేళ చూసుకోవడం. సూర్యుడు కాస్త పైకెక్కి, నేల ఇంకా కాగని పొద్దుటి పూట మంచిది. కాంక్రీటు డాబా కన్నా పచ్చగడ్డి నేల మేలు.

అప్పుడైనా ఒక్క ఫోటోతో పని జరగదు. సెకనులో కొన్ని వెయ్యోవంతుల ఎక్స్‌పోజర్‌తో, వీలైనంత వేగంగా వీడియో తీస్తారు. గాలి క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి వేల ఫ్రేముల్లో కొన్నింటికి అది నిలకడగా ఉండి తీరుతుంది. ఆటోస్టాకర్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రేములన్నింటినీ స్పష్టతను బట్టి వరసపెట్టి, మేలైన పదో వంతునో అంతకన్నా తక్కువనో ఎంచుకుంటుంది. బింబాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, గాలి ఒక్కో గడిని ఎటు జరిపిందో చూసి సరిదిద్దుతూ ఫ్రేములను ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. వంద ఫ్రేములు కలిస్తే నాయిస్ పదో వంతుకు తగ్గుతుంది. అలాగని గంటసేపు తీయలేం, ఎందుకంటే సూర్యుడూ మారుతున్నాడు. ఆ ప్లాస్మా బుడగ ఆయుష్షు పది నిమిషాల లెక్కలోనే ఉంటుంది, అంచు జ్వాలల్లో సన్నటి పోగులు ఇంకా త్వరగా రూపు మార్చుకుంటాయి. వీడియో నిమిషం లోపు ఉంటేనే మంచిది. కెమెరా మోనోక్రోమ్‌ది అయితే మేలు. రంగుల కెమెరాలో ఎర్రకాంతిని పట్టేవి నాలుగు పిక్సెళ్ళలో ఒక్కటే.

సెన్సర్ మీది దుమ్ము చుక్కలు సూర్య మచ్చల్లా మోసం చేస్తాయి. టెలిస్కోప్‌ను కొంచెం కదిపితే మచ్చ కదులుతుంది, దుమ్ము ఉన్నచోటే ఉంటుంది. టెలిస్కోప్ మూతికి, ఫిల్టర్ బయట, పలుచటి ప్లాస్టిక్ కవరు కట్టి తీసిన మసక వీడియోతో అసలు చిత్రాన్ని భాగిస్తే దుమ్ము పోతుంది.

పేర్చిన చిత్రం మెత్తగా, కాస్త నిరాశ కలిగించేలా ఉంటుంది. అందులో దాగిన వివరాన్ని ఐఎంపీపీజీ వంటి సాఫ్ట్‌వేర్ డీకన్వల్యూషన్ అనే గణితంతో పైకి తీస్తుంది. గాలి, కటకం కలిసి ప్రతి బిందువునూ ఎంత అలికాయో అంచనా వేసి, ఆ అలుకును వెనక్కి తిప్పే పద్ధతి అది. అంచనా సరిగ్గా ఉన్నంతవరకు సూర్యుడు తేటపడతాడు. మీటను ఇంకొంచెం జరిపితే మచ్చల చుట్టూ తెల్లటి వలయాలు, బింబం అంచున జంట గీత, ఉపరితలం నిండా మెలికల గీతలు పుట్టుకొస్తాయి. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ వాటిలో సూర్యుడు లేడు.

దీనికి మంచి పరీక్ష ఒకటుంది. ఒక నిమిషం తేడాతో రెండు వీడియోలు తీసి, రెండింటినీ ఒకే కొలతలతో విడివిడిగా ప్రాసెస్ చేయండి. ఒక్కదాంట్లోనే ఉన్నదాన్ని అనుమానించాలి, రెండింట్లోనూ ఉన్న వివరం చాలావరకు సూర్యుడిది. మచ్చల చుట్టూ వలయాలు, అంచున జంట గీత మాత్రం రెండింట్లోనూ రావచ్చు కాబట్టి వాటికి ఈ పరీక్ష చాలదు. అదే రోజు అదే వేళకు గాంగ్ అనే అంతర్జాతీయ పరిశీలనా వలయం తీసిన హైడ్రోజన్-ఆల్ఫా చిత్రాలతోనూ సరిపోల్చుకోవచ్చు. అవి అందరికీ ఉచితం. ఆ వలయంలోని ఆరు కేంద్రాల్లో ఉదయపూర్ ఒకటి.

కాషాయ రంగు వేయడం నాకు తప్పుగా తోచదు. మోనోక్రోమ్ కెమెరా ఇచ్చేది బూడిద రంగే కాబట్టి ఆ రంగు మనం పూసిందని అందరికీ తెలుసు. జ్వాలలు బింబం కన్నా చాలా మసకగా ఉంటాయి గనుక రెండు ఎక్స్‌పోజర్లు కలపడమూ న్యాయమే. బింబం నలుపు తెలుపులు తిరగేసి ఉబ్బెత్తుగా చూపించడమూ సరే, చిత్రం కింద ఆ మాట రాస్తే చాలు. ఇతర ఫోటోల నుంచి నేర్చుకుని లేని వివరాన్ని ఊహించి పూరించే ఏఐ షార్పెనింగ్‌ను మాత్రం సూర్యుడి మీద వాడకూడదని నా గట్టి అభిప్రాయం. అది అందం పెంచవచ్చు గానీ సాక్ష్యాన్ని చెరుపుతుంది.

కొడైకెనాల్ వేధశాల 1904 నుంచి సూర్యుణ్ణి ఫోటో తీస్తోంది. ఆనాటి గాజు పలకలు నేటికీ పరిశోధనకు పనికొస్తున్నాయంటే వాటి మీద తేదీ, వేళ ఉండటం ఒక ముఖ్య కారణం. మీరు తీసే మొదటి ఫోటోకే ఆ అలవాటు చేసుకోండి. తేదీ, నిమిషంతో సహా వేళ, టెలిస్కోప్, ఫిల్టర్, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేశారో రాసి పెట్టండి. అసలు వీడియోను చెరిపేయకండి.