బ్రోకర్ ఎవరి మనిషి? ప్లాటు కొనేముందు వేసుకోవాల్సిన ఒక లెక్క

ఈరోజు ఎపిసోడ్ ప్లాటు గురించి అనుకుంటున్నారేమో. కాదు, ప్లాటు చూపించే మనిషి గురించి.

మూడేళ్ల కింద నేను బెంగళూరులో కోడ్ రాసుకుంటా ఉన్నా. మా నాయన రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుతో కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఐదు సెంట్లు తీసుకుందాం అన్నాడు. తెలిసినవాళ్ల ద్వారా ఒక బ్రోకర్ దొరికాడు. పొద్దున ప్లాటు చూపించాడు. మధ్యాహ్నానికే నాకు ఫోన్. "ఏమప్పా, ఇంకా ఆలోచిస్తే ఎట్లా? హైదరాబాద్ పార్టీ సాయంత్రానికి వస్తాంది. టోకెన్ వేసేయ్."

ఆఫీసు మీటింగ్‌లో కూర్చునే యూపీఐలో లక్ష కొట్టేశా. వారం తర్వాత ఈసీ తీస్తే, ఆ ప్లాటు బ్యాంకు తనఖాలో ఉంది. ఆరు నెలలు తిరిగితే అరవై వేలు వెనక్కి వచ్చాయి. మిగతా నలభై పోయినట్టే. మా నాయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టుంటే బాగుండు అనిపించింది.

అతను మోసం చేశాడా అని చాలా రోజులు ఆలోచించా. తర్వాత కూర్చొని లెక్క వేస్తే అసలు విషయం అర్థమైంది. మీరూ వేయండి.

ప్లాటు 40 లక్షలు, కమీషన్ ఒక శాతం అనుకుందాం. బ్రోకర్‌కి 40 వేలు. అతను మీ తరఫున గట్టిగా బేరమాడి రెండు లక్షలు తగ్గించాడనుకోండి. మీకు మిగిలింది రెండు లక్షలు, అతను పోగొట్టుకుంది రెండు వేలు. అంటే ధర తగ్గిస్తే అతనికి లాభం లేదు, తగ్గించకపోతే నష్టం లేదు. కానీ బేరం చెడితే మొత్తం 40 వేలూ పోతాయి. పైగా చాలాసార్లు అమ్మేవాళ్ల దగ్గరా కమీషన్ ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, అతను మిమ్మల్ని ఆగమంటాడా, త్వరపడమంటాడా?

అతను చెడ్డోడని కాదు. అతని పని డీల్ కుదర్చడం. టైటిల్ చూసుకోవడం నా పని. నా పని కూడా అతనే చేస్తాడనుకున్నా చూడండి, అదీ నా తప్పు.

రేట్లు పరిగెత్తేటప్పుడు ఈ తప్పు ఇంకా ఈజీగా జరుగుతుంది. హైదరాబాద్–బెంగళూరు హైవే, 2021లో మొదలైన ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు, కడప దగ్గర కొప్పర్తి ఇండస్ట్రియల్ ఏరియా, ఇలా ఏది వచ్చినా "రేపు రేటు డబుల్" అంటారు. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. వార్త విని తొందరపడి కొంటే, వార్త మారినా ప్లాటు మన దగ్గరే ఉంటుంది.

మరి బ్రోకర్ లేకుండా కొనాలా? నేనైతే వద్దంటా. మన ఊళ్లలో అమ్మే ప్లాట్లన్నీ యాప్‌లో ఉండవు. ఎవరికి కూతురి పెళ్లి ఉంది, ఎవరికి డబ్బు అర్జెంటు, పక్క ప్లాటు నిజంగా ఎంతకు పోయింది, సంతకం పెట్టాల్సిన అన్నదమ్ములు ఎంతమంది, ఇవన్నీ అతనికే తెలుసు. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసే విలువకీ చేతులు మారిన డబ్బుకీ తేడా ఎంతో కూడా అతనికే తెలుసు. కమీషన్ ఇచ్చేది ఈ సమాచారానికి.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. దాన్ని "నెట్ రేటు" అంటారు. ఓనర్‌తో 36 లక్షలకు మాట్లాడుకొని మీకు 40 చెప్తారు. మధ్యలో నాలుగు లక్షలు వాళ్లవే. దీనికి మందు ఒకటే: ధర ఖాయం చేసేముందు ఓనర్‌తో ఎదురుగా కూర్చోవాలి. "ఓనర్ ఊళ్లో లేడు" అంటే, వచ్చాకే మాట్లాడదాం అనండి.

ఇక మనం చేయాల్సిన పని. సగం ఫోన్‌లోనే అయిపోతుంది.

మొదటిది ఈసీ. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో గానీ మీ సేవలో గానీ 30 ఏళ్లకు తీయించండి. అందులో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి. తెల్లకాగితం అగ్రిమెంట్లు, ఇంటి గొడవలు కనిపించవు. అందుకే లింకు డాక్యుమెంట్లు ఒక లాయర్‌కి చూపించాలి. నా నలభై వేలతో పోలిస్తే ఆ ఫీజు చాలా తక్కువ.

రెండోది 22ఏ జాబితా. సర్వే నంబర్ అందులో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. వ్యవసాయ భూమి అయితే మీభూమిలో 1బి, అడంగల్ చూడండి. డి.కె.టి. పట్టా అన్న మాట వినిపిస్తే ఆగండి. అసైన్డ్ భూముల మీద 1977 నుంచే చట్టం ఉంది.

మూడోది, కొత్త వెంచర్ అయితే కర్నూలులో కుడా, కడపలో అన్నమయ్య అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అప్రూవల్ అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రిజిస్టర్ అయి ఉండాలి. అందులో ప్లాట్లు అమ్మే ఏజెంట్‌కి కూడా రెరా నంబర్ ఉండాలి. రాతపూర్వక అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా డెవలపర్ పది శాతానికి మించి తీసుకోకూడదు. ఒక మనిషి తన ప్లాటు మళ్లీ అమ్ముకుంటే మాత్రం రెరా కాపాడదు, అక్కడ మన జాగ్రత్తే.

నాలుగోది టోకెన్. డబ్బు ఓనర్ అకౌంట్‌కే వేయండి. "టైటిల్ సరిగా లేకపోతే ఇన్ని రోజుల్లో మొత్తం వాపసు" అని రాయించి ఓనర్ సంతకం తీసుకోండి.

బ్రోకర్ కమీషన్ ఎంత, ఎప్పుడు ఇస్తామో కూడా ముందే కాగితం మీద పెట్టుకోండి. మొహమాటం వద్దు. అమెరికాలో 2024 ఆగస్టు నుంచి చాలామంది ఏజెంట్లు ఇల్లు చూపించేముందే కొనేవాళ్లతో ఫీజు రాసుకోవాల్సి వస్తోంది. అక్కడున్న మనవాళ్లూ ఆ సంతకం పెట్టే ఇళ్లు చూస్తున్నారు. నేనైతే రిజిస్ట్రేషన్ రోజే ఇస్తా అని రాస్తా.

పోయినేడు మళ్లీ వెతికాం. వేరే బ్రోకర్. మళ్లీ అదే మాట, "ఇంకో పార్టీ వస్తాంది." నేను "రానీ అన్నా, మాకు ఈసీ చూసుకోవాల" అన్నా. నిజంగానే ఆ పార్టీ వచ్చింది, ప్లాటు తీసుకుంది. కొంచెం బాధేసింది, అబద్ధం చెప్పను. రెండు నెలలకు అదే బ్రోకర్ కల్లూరు వైపు ఇంకోటి చూపించాడు. ఈసారి కాగితాలన్నీ తనే ముందుగా పట్టుకొచ్చాడు.

రిజిస్ట్రేషన్ రోజు కమీషన్ కవరు మా నాయనే అతని చేతిలో పెట్టాడు. సంతోషంగానే పెట్టాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ వారం టోకెన్ వేయబోతుంటే, ముందు ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం.