డైరెక్టరుగారికి పనేముంది?

మహనీయుడి జయంతి ఇంకో నెల ఉందనగా ఆయన పుట్టిన ఇంటికి మేస్త్రీలు దిగుతారు. పెచ్చులూడిన సున్నపు పూత చెక్కేసి సిమెంటు పులుముతారు. పైన తళతళలాడే ఆయిల్ పెయింటు, కింద కడప బండలు పీకేసి టైల్స్. "ఇంకో వందేళ్లు ఢోకా లేదు" అంటాడు కాంట్రాక్టరు. పెద్దలు రిబ్బను కత్తిరిస్తారు. ఇలాంటి ఇంటి మ్యూజియానికి డైరెక్టరు కావాలని ఉబలాటపడే కుర్రవాళ్లు కూడా ఇదే నమ్ముతున్నారు: గోడల సంగతి ఇంజనీరు చూసుకుంటాడు, మనం చరిత్ర చెబితే చాలునని.

అపోహ: సిమెంటు పాత గోడకు బలం.

వాస్తవం: బలం కాదు, గోడకు ఊపిరాడనివ్వని పూత. ఆ ఇళ్లలో చాలామటుకు ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని సున్నపు పూతగుండా బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూశారా, ఆ దారి మూసుకుపోయింది. చెమ్మ పైకి ఎగబాకుతుంది, నీళ్లతో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకడుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైపూత మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి అందరినీ మోసం చేస్తుంది. వేలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఒకనాడు ఆ పూత ఇటుక పొరను కూడా వెంటబెట్టుకుని పలకలు పలకలుగా ఊడుతుంది. అప్పుడు మళ్లీ సిమెంటే వేస్తారు, ఈసారి ఇంకా మందంగా!

రాజమహేంద్రవరంలో కందుకూరి ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు చూడబోయేవాడు ఆ మనిషి నడిచిన నేల, ఆనుకున్న గోడ చూద్దామని పోతాడు. ఫొటోలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి. అందుకే ఇక్కడ గోడే మొదటి ప్రదర్శన వస్తువు. వాన కురుస్తుంటే కప్పు మీది నీళ్లు ఏ గొట్టంలోంచి దిగుతున్నాయో, అది ఎక్కడ పూడిందో గొడుగేసుకుని చూడటం డైరెక్టరు పని. చెదలు ఏ దూలానికి పట్టిందో చూడటం కూడా.

పదవి దక్కింది కదా, మన అభిరుచి మేరకు గదులు సర్దుకోవచ్చు అనుకునేవారు లండన్ వైపు చూడాలి. సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి, తాను పోయేనాటికి తన ఇంటి మ్యూజియం ఎలా ఉంటుందో వీలైనంతవరకు అలాగే ఉంచాలని 1833లో పార్లమెంటు చేత చట్టమే చేయించాడు. 1837లో పోయాడు. అక్కడ డైరెక్టరైనవాడు కుర్చీ జరపాలన్నా ఆ షరతును తలుచుకోవాల్సిందే.

ఇక చిన్నాచితకా నమ్మకాలు. ఇత్తడి సామాను చింతపండుతో తోమితే కళకళలాడుతుందా? ఆడుతుంది, ఇంట్లో బిందెలు తోముకోండి. కిటికీలు బార్లా తీస్తే పట్టుబట్టలు బాగా కనిపిస్తాయా? వెలిసిపోయేదాకా కనిపిస్తాయి, వాటికి 50 లక్స్ మించిన వెలుతురు పనికిరాదు, పోయిన రంగు తిరిగి రాదు. పాత సామాన్లు ఎవడెత్తుకెళతాడు? 2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి వెంటిలేటరు గుండా దిగి బంగారు టిఫిన్ బాక్సు పట్టుకుపోయారు. దొరికింది, అది మన అదృష్టం.

పరిచయాలుంటేనే ఈ ఉద్యోగం వస్తుందన్న మాటను కొట్టిపారేద్దామని ఉంది గానీ కుదరదు. కుటుంబాలు, ట్రస్టులు నడిపే ఇళ్లలో తాళంచెవులు నమ్మినవాడికే ఇస్తారు. పోస్టులూ తక్కువే. కానీ పరిచయం గుమ్మందాకా తీసుకెళుతుంది, అంతే. లోపల నిలబడాలంటే చదువు కావాలి. చరిత్ర ఎం.ఏ. ఒక్కటే సరిపోదు. బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ ఉంది. వస్తువుల సంరక్షణకు లక్నోలో 1976 నుంచీ జాతీయ పరిశోధనశాల ఉంది. ఇవి కాక, సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఎవరైనా దొరికితే వెంటపడి నేర్చుకోండి. అలాంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

ఇంటర్వ్యూలో జీతం సంగతి తర్వాత అడగవచ్చు. మరమ్మతు ఫైలు మీద ఎవరి సంతకం ఉంటుందో ముందు అడగండి. గోడకు ఏం పూయాలో, ఏం పూయకూడదో చెప్పే అధికారం డైరెక్టరుకు లేదన్నారంటే వాళ్లకు కావలసింది వాచ్‌మన్. లేచి నమస్కారం పెట్టి వచ్చేయండి.