పాత వెర్షన్ ఉందిగా అనుకున్నా!

మా ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్‌ని గూగుల్ యాప్ ఇంజిన్‌లో పెట్టాం. ముందురోజు రాత్రి ఓ చిన్న మార్పు చేసి డిప్లాయ్ కొట్టాను. అంతే, ఫారం తెరుచుకోలేదు. గ్రూపులో జూనియర్లు “అన్నా, సైట్ రావట్లేదు” అని ఒకటే మెసేజ్‌లు.

నేను కంగారు పడలేదు. యాప్ ఇంజిన్‌లో కొత్త వెర్షన్ పెట్టినా, మనం తీసేసేదాకా పాతది పక్కనే ఉంటుంది. ట్రాఫిక్‌ని దానికి మళ్లిస్తే చాలు. మళ్లించాను. అయినా ఫారం రాలేదు!

వెర్షన్లు రెండైనా డేటాబేస్ ఒక్కటే మరి. నేను అందులో ‘ఫోన్’ అనే కాలమ్ పేరుని ‘మొబైల్’ అని మార్చేశాను. పాత కోడ్ ఇంకా ‘ఫోన్’ కోసమే వెతుకుతోంది. ఉప్పు డబ్బా దాచేశాక పాత వంటమనిషిని తిరిగి పిలిచినా కూర చప్పగానే ఉంటుంది కదా! కాలమ్‌కి పాత పేరు పెట్టాకే సైట్ లేచింది. అప్పటికి అర్ధరాత్రి రెండు దాటింది.

ఇప్పుడు నా పద్ధతి ఇదీ. పాత కాలమ్‌ని కదపకుండా కొత్తది అదనంగా చేరుస్తాను. కొత్త కోడ్ రెండింట్లోనూ రాస్తుంది. ‘నో ప్రమోట్’ ఆప్షన్‌తో డిప్లాయ్ చేస్తే కొత్త వెర్షన్‌కి ట్రాఫిక్ వెళ్లదు. దాని సొంత లింకులో నేనే పరీక్షిస్తాను. తర్వాత 5 శాతం మందిని అటు పంపుతాను. కుకీ ఆధారంగా పంచితే ఒక మనిషికి సాధారణంగా ఒకే వెర్షన్ కనిపిస్తుంది. అంతా బాగుంటే 100 శాతం. కొన్నాళ్లు ఆగాకే పాత వెర్షన్, ఆ తర్వాతే పాత కాలమ్ తీసేస్తాను.

కోడ్ వెనక్కి వస్తుంది. డేటా దానంతట అది రాదు. ఈ ఒక్కటి గుర్తుంటే రాత్రిళ్లు నిద్రపోవచ్చు.